మెగావాటుకు ఎంతమంది?

(అనంతపురంలో డిగ్రీ, పీజీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలవాళ్లకు వినిపిస్తోందా? సరే.

మన పల్లెల్లో పని లెక్క ఎలా చెప్తారో మీకు తెలుసు. "ఎకరం కలుపుకి ఎనిమిది కూలీలు పడ్డాయి" అంటారు. దాంతో ఎనిమిది మందికి ఉద్యోగాలు వచ్చేశాయని ఎవరూ అనుకోరు. ఎనిమిది మంది ఒక రోజు చేశారు, లేదా నలుగురు రెండు రోజులు చేశారు. పనయ్యాక కూలి డబ్బులు కొంగున ముడేసుకుని ఇంటికి పోయారు. బడి మొహం చూడని అవ్వకు కూడా తెలిసిన లెక్క ఇది. అదే పని సోలార్ ప్లాంటులో జరిగితే మాత్రం, వేదిక మీది ప్రసంగంలోకి, మర్నాడు పేపర్లోకి వచ్చేసరికి "ఎనిమిది ఉద్యోగాలు" అయిపోతుంది. ఇవాళ నేను మాట్లాడబోయేదంతా దాదాపుగా ఈ ఒక్క తేడా గురించే.

పునరుత్పాదక ఇంధనంలో, కరెంటు పొదుపులో ఒక దేశానికి ఎన్ని ఉద్యోగాల అవకాశం ఉందో అంచనా వెయ్యాలంటే ముందు చేతిలో ఒక కొలబద్ద ఉండాలి. దాన్ని ఉద్యోగ సంవత్సరం అంటారు. ఒక మనిషికి ఏడాది పొడవునా చేతినిండా ఉండే పని. సెలవులు తీసేసి 260 పనిదినాలు అనుకుందాం. ఒక్కడు ఏడాదంతా చేసినా ఒక ఉద్యోగ సంవత్సరమే, ఇరవై ఆరు మంది పది రోజులు చేసినా ఒక ఉద్యోగ సంవత్సరమే. మన అవ్వ కూలీల లెక్కే, కాస్త ప్యాంటూ షర్టూ వేసుకుంది, అంతే.

మన దేశంలో ఎక్కువగా వాడుతున్న గుణకాలు, అంటే మెగావాటుకు ఎన్ని ఉద్యోగ సంవత్సరాల పనో చెప్పే అంకెలు, 2017 నాటివి. ఢిల్లీలోని సీఈఈడబ్ల్యూ అనే పరిశోధన సంస్థ, అమెరికాకు చెందిన ఎన్ఆర్‌డీసీ అనే పర్యావరణ సంస్థ కలిసి కంపెనీలను అడిగి లెక్కలు తీశాయి. నేల మీద పెట్టే పెద్ద సోలార్ ప్లాంటుకు మెగావాటుకు 3.45. గాలిమరలకు 1.27. ఇంటి కప్పుల మీద పెట్టే సోలార్‌కు 24.72. అవును, సరిగ్గానే విన్నారు. నేల మీదకీ కప్పు మీదకీ ఏడు రెట్ల తేడా.

ఎందుకంత తేడా? మీ ఇంటి మీద మూడు కిలోవాట్లు పెట్టించుకున్నారనుకోండి. ఒక మెగావాటు కావాలంటే అలాంటి ఇళ్లు 333 కావాలి. ప్రతి ఇంటికీ ఒకాయన వచ్చి మిద్దె కొలవాలి. వాటర్ ట్యాంకు నీడ ఏ వేళకు ఎటు పడుతుందో చూడాలి. కరెంటు ఆఫీసులో అప్లికేషన్, బ్యాంకులో లోను. స్ట్రక్చర్ బిగించాలి, ప్యానెళ్లు మెట్ల మీదుగా మోసుకెళ్లాలి, ఎర్తింగ్ గుంతలు మూడు తవ్వాలి, చివరికి నెట్ మీటరు పెట్టించాలి. ఈ తంతు 333 సార్లు. అదే బయలు నేల మీదైతే ఒక్క డ్రాయింగు, ఒక్క అనుమతి, వరుసగా నేలలోకి దిగే స్తంభాలు. మా పెదనాన్న పెళ్లి భోజనాల గురించి ఒక మాట అనేవాడు, వెయ్యి మందికి ఒకచోట వండటం కన్నా వంద ఇళ్లలో పదేసి మందికి వండటానికే ఎక్కువ చేతులు కావాలని.

ఇప్పుడు ఆ 3.45 లోపలికి వెళ్దాం. ప్రాజెక్టు పట్టుకురావడానికి 0.05, డిజైన్‌కు, ముందస్తు పనులకు 0.20, కట్టడానికి 2.70, కట్టాక నడిపి చూసుకోవడానికి 0.50. మొదటి మూడూ ఒక్కసారి జరిగే పనులు. చివరి అర మాత్రం ప్లాంటు బతికున్నన్నాళ్లూ ఏటేటా ఉండే పని. ఈ నాలుగింటినీ కూడి 3.45 అని ఒక్క ముక్కలో చెప్తే మామిడి పండ్లనూ మామిడి చెట్టునూ కలిపి లెక్కపెట్టినట్టే. ఆ అధ్యయనంలో వాటిని విడివిడిగానే ఇచ్చారు, వాళ్లను తప్పుపట్టలేం. దాన్ని వాడుకునేవాళ్లే కలిపేస్తారు.

మనకు దగ్గరి ఉదాహరణ కర్నూలు సోలార్ పార్కు. గని, శకునాల గ్రామాల దగ్గర ఆరు వేల ఎకరాలకు కాస్త తక్కువ నేలలో 1,000 మెగావాట్లు. 2017లో నడక మొదలుపెట్టినప్పుడు ఒకే చోట అంత పెద్ద పార్కు ప్రపంచంలోనే అరుదు. ఈ గుణకాలు వేస్తే, ఇది గుణకాల లెక్కే గాని అక్కడి హాజరుపట్టీ కాదు, కట్టడానికి 2,950 ఉద్యోగ సంవత్సరాలు. ఏడాదిన్నరలో కట్టేస్తే దాదాపు రెండు వేల మందికి చేతినిండా పని. తర్వాత? ఐదు వందల మంది. ఊళ్లోవాళ్లకు కనిపించేది ఆ మొదటి ఏడాదిన్నర. టీ కొట్లు వెలుస్తాయి, గదుల అద్దెలు పెరుగుతాయి, బీహార్ నుంచి, ఒడిశా నుంచి కుర్రాళ్లు దిగుతారు. తర్వాత ఒకరోజు లారీలు ఆగిపోతాయి. కానీ పాతికేళ్లకు లెక్క వేసి చూడండి. ఏటా ఐదు వందలు చొప్పున 12,500 ఉద్యోగ సంవత్సరాలు. నిశ్శబ్దంగా ఉండే పనే నాలుగు రెట్లు పెద్దది. అయితే ఆ పని కూడా ఐదు వందల దగ్గరే నిలబడి ఉంటుందన్న హామీ లేదు. ప్యానెళ్లు తుడవడానికి ఇప్పుడు రోబోలు వచ్చాయి, నీళ్లు కూడా అక్కర్లేదు. రాయలసీమలో నీళ్లు మిగలడం మంచిదే, తుడిచే మనిషికి మాత్రం కాదు. 2017 నాటి గుణకాన్ని 2030కి యథాతథంగా వాడేవాళ్లను చూస్తే నాకు భయం. ఏ పనైనా చెయ్యగా చెయ్యగా తక్కువ మందితో అవుతుంది.

మధ్యలో నా సంగతి ఒకటి. ఉద్యోగంలో కొత్తగా ఉన్నప్పుడు ఒక ప్లాంటుకు ప్రశ్నావళి పట్టుకుని వెళ్లాను. ఇక్కడ ఎంతమంది పనిచేస్తారండీ అంటే మేనేజరు గారు తడుముకోకుండా "పద్నాలుగు" అన్నారు. రాసుకున్నాను. గేటు బయటికొస్తే ట్యాంకరు ట్రాక్టరు నిలబడి ఉంది, దాని పక్కన ఏడుగురు మనుషులు, చేతుల్లో పొడవాటి వైపర్లు. మీరు ఇక్కడి వాళ్లేనా అంటే "ఇక్కడ మూణ్ణాళ్లు, మళ్లీ రేప్పొద్దున పక్క ప్లాంటు" అన్నారు. కంపెనీ లెక్కలో వాళ్లు లేరు, కాంట్రాక్టరు మనుషులు. పోనీ కాంట్రాక్టరును అడిగి కలుపుకుందామా అంటే, ఆ ఏడుగురే నాలుగు ప్లాంట్లలో కనిపించి ఇరవై ఎనిమిది మంది అవుతారు. ఆ రోజు నా ఫారంలో పద్నాలుగే ఉంది. అలాగే పై ఆఫీసుకు పంపేశాను కూడా. అప్పటి నుంచి ఉద్యోగాల సంఖ్య ఏది చూసినా నాకు ఆ ట్రాక్టరే గుర్తొస్తుంది.

మీలో ఎకనామిక్స్ వాళ్లు ఉన్నారు కాబట్టి ఒక చిక్కు చెప్తాను, త్వరగా దాటేస్తాను. ఒక రంగంలో పెట్టుబడి పెడితే దానికి సామాన్లు అందించే రంగాల్లో ఎంత పని పుడుతుందో చూడటానికి మన దగ్గర ఇన్‌పుట్-అవుట్‌పుట్ పట్టికలు ఉన్నాయి కదా. వాటిలో కరెంటు అంతా ఒకే గడి. బొగ్గుదైనా, ఎండదైనా, గాలిదైనా అందులోనే. అందుకని సోలార్ అనే రంగాన్ని మనమే కృత్రిమంగా అల్లుకోవాలి. స్టీలు ఇంత, గాజు ఇంత, తీగలు ఇంత, సివిల్ పని ఇంత, దిగుమతి ఇంత అని పంచుకోవాలి. ఆ దిగుమతి దగ్గరే ఉద్యోగాలు కారిపోతాయి. అంతర్జాతీయ పునరుత్పాదక ఇంధన సంస్థ ఐరీనా లెక్కన 2023లో ప్రపంచం మొత్తం మీద ఈ రంగంలో కోటీ 62 లక్షల ఉద్యోగాలు. అందులో 74 లక్షలు ఒక్క చైనాలోనే. ప్యానెల్ మన ఊళ్లో బిగించినా దాన్ని తయారుచేసిన చెయ్యి అక్కడ ఉంది. 2022 ఏప్రిల్‌లో కేంద్రం మాడ్యూళ్ల మీద, అంటే తయారైన ప్యానెళ్ల మీద 40 శాతం, వాటిలో బిగించే సెల్స్ మీద 25 శాతం కస్టమ్స్ సుంకం వేసింది ఇందుకే. ప్యానెల్ ధర పెరిగితే బిగించుకునేవాళ్లు తగ్గుతారు, అప్పుడు బిగించే పని తగ్గుతుంది. ఫ్యాక్టరీలో వచ్చినవీ మిద్దె మీద పోయినవీ రెండూ వెయ్యాలి లెక్కలో.

అన్నట్టు అదే ఐరీనా 2023కి మన దేశానికి 10 లక్షల 20 వేల దాకా ఇచ్చింది. ఆ వార్తకు పేపర్లలో సోలార్ ప్యానెళ్ల ఫోటో వేస్తారు. లోపల చూస్తే అన్నిటికన్నా పెద్ద వాటా జలవిద్యుత్తుది, నాలుగున్నర లక్షలు. సోలార్ మూడు లక్షల పైచిలుకు. గాలి యాభై వేల చిల్లర. శ్రీశైలం, సాగర్ లాంటి డ్యాముల ఫోటో వేస్తే నిజానికి దగ్గరగా ఉండేది.

ఇక సర్కారు చెప్పే అంకెలు. 2024 ఫిబ్రవరిలో ఇంటి కప్పు సోలార్‌కు సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం వచ్చింది. కోటి ఇళ్లు, 75,021 కోట్ల రూపాయలు, 17 లక్షల ప్రత్యక్ష ఉద్యోగాలు అని ప్రకటన. మన కొలబద్ద పెట్టి చూద్దాం. ఇళ్ల మీద 30 వేల మెగావాట్లు వస్తాయని వాళ్లే అంటున్నారు. కప్పు సోలార్‌లో ఏటేటా ఉండే అరను తీసేస్తే మెగావాటుకు 24.22. గుణిస్తే 7 లక్షల 27 వేల ఉద్యోగ సంవత్సరాలు. మూడేళ్లలో పూర్తిచేస్తే ఏడాదికి రెండు లక్షల నలభై వేల మందికి పని. తర్వాత ఏటా పదిహేను వేల మంది. మరి 17 లక్షలు ఎక్కడివి? తయారీ, రవాణా, అమ్మకాలు కూడా కలిపామంటున్నారు. నేను వాడిన గుణకంలో తయారీ లేదు. కాబట్టి అబద్ధమని నేననను. అవి మనుషులా, ఉద్యోగ సంవత్సరాలా? ఎన్నేళ్లకు? ఈ రెండు ముక్కలు పక్కన రాయని అంకెను సరిచూసే దారి ఎవరికీ ఉండదు. మనకు ఒక అనుభవం ఉంది కూడా. 2022 నాటికి కప్పుల మీద 40 వేల మెగావాట్లు అని 2015లో లక్ష్యం పెట్టుకున్నాం. గడువు నాటికి నాలుగో వంతు కూడా కాలేదు. నేల మీది సోలార్ పరుగెత్తింది గాని, మనుషులు ఎక్కువ కావలసిన సోలార్ కుంటింది. మెగావాట్ల లక్ష్యానికి దగ్గరగా వెళ్తూనే ఉద్యోగాల లక్ష్యానికి ఎంత దూరమైనా జరగొచ్చు.

ఇంతవరకూ కూడికలు. ఇప్పుడు తీసివేతలు.

పెనుకొండ నుంచి పడమరగా వెళ్తే పావగడ. కర్ణాటకే గాని వీధిలో వినిపించేది మన తెలుగే. అక్కడ తిరుమణి చుట్టుపక్కల ఐదు ఊళ్లలో 13 వేల ఎకరాల దాకా రైతుల నుంచి కౌలుకు తీసుకుని 2,050 మెగావాట్లు పెట్టారు. మొదట్లో ఎకరానికి ఏడాదికి 21 వేల రూపాయల కౌలు. వానకు చూసి చూసి కళ్లు కాయలు కాసిన రైతుకు అది పండగే. మరి ఆ చేలో చెనక్కాయ పీకే కూలి మనిషి? ఆమెకు సెంటు భూమి లేదు, కౌలు రాదు. లెక్క కోసం ఒక ఊహ వేసుకుందాం. 13 వేలలో సగమే ఏటా విత్తేవాళ్లనుకోండి, మిగతాది బీడు. విత్తనం ఒలవడం, కలుపు, పీకడం, కాయ కొయ్యడం అన్నీ కలిపి ఎకరాకు 25 కూలీలు. మొత్తం లక్షా 62 వేల పనిదినాలు. 260తో భాగిస్తే 625 ఉద్యోగ సంవత్సరాలు. పార్కులో మెగావాటుకు అర చొప్పున ఏటా 1,025. కాగితం మీద నాలుగు వందలు లాభమే! కానీ పోయిన 625లో ఎక్కువ ఆడవాళ్లవి. వచ్చిన వెయ్యిలో టెక్నీషియన్లు, గేటు దగ్గర సెక్యూరిటీ మగవాళ్లు. కప్పు సోలార్ రంగంలోనే ఆడవాళ్లు 11 శాతం అని 2019లో ఒక అధ్యయనం తేల్చింది. నికర లాభం నాలుగు వందలు అని చెప్పే అంకెలో ఆ కూలి మనిషి కనపడదు. ఎవరిది పోయింది, ఎవరికి వచ్చింది అని రెండు వరుసలు విడిగా రాస్తే తప్ప.

తీసివేతలోనూ మోసం జరుగుతుంది. సింగరేణి చూడండి. 1990ల మొదట్లో లక్షా పది వేలకు పైగా కార్మికులు. ఇప్పుడు పర్మినెంటు వాళ్లు నలభై వేల చుట్టూ, కాంట్రాక్టు వాళ్లు వేరే. సోలార్ వచ్చి బొగ్గు ఉద్యోగాలను తినేస్తోందని ఎవరైనా అంటే ఈ అంకె గుర్తుచెయ్యండి. ఆ డెబ్భై వేలలో ఎక్కువ భాగం పోయినప్పుడు మన ఉమ్మడి రాష్ట్రంలో సోలార్ దాదాపు లేనే లేదు. భూగర్భ గనులు పోయి ఓపెన్‌కాస్ట్ వచ్చింది, తట్టా చెమ్మస్‌లతో బొగ్గెత్తే పని పోయి యంత్రం వచ్చింది. ఎలాగూ పోయేవాటిని సోలార్ ఖాతాలో రాయకూడదు. అలాగని రామగుండం కుర్రాడికి దారి దొరికినట్టూ కాదు. అక్కడ ఎన్టీపీసీ రిజర్వాయరు నీళ్ల మీద 2022లో 100 మెగావాట్ల తేలే సోలార్ పెట్టారు. అర చొప్పున వేస్తే యాభై మంది. వాళ్ల నాన్నకు క్వార్టరు, ఆసుపత్రి, యూనియను ఉండేవి.

ఒక పక్క మాట. మెగావాటుకు మెగావాటును పోల్చి బొగ్గు గొప్పా సోలార్ గొప్పా అనే వాదనలు వింటుంటాం. ఒక మెగావాటు సోలార్ ఏడాదికి పదిహేడున్నర లక్షల యూనిట్లు ఇస్తే గొప్ప. బొగ్గు దానికి మూడు రెట్లు ఇస్తుంది. పోల్చాల్సింది యూనిట్ల మీద. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీ పరిశోధకులు 2010లో అమెరికాకు అలా చూశారు. పది లక్షల యూనిట్లకు బొగ్గు 0.11 ఉద్యోగ సంవత్సరాలు, గాలి 0.17, సోలార్ 0.87, పొదుపు 0.38. పాత లెక్క, పరాయి దేశం, ఇప్పుడు సోలార్ అంకె బాగా తగ్గి ఉంటుంది. ఎక్కువ మంది కావాలంటే ఎక్కువ మంచిదని కూడా కాదు. ఊరందరితో బిందెలతో నీళ్లు మోయిస్తే అందరికీ పనే. అందుకని కుళాయి వద్దంటామా? కానీ ఆ చివరి అంకె చూడండి, పొదుపు 0.38. కరెంటు పుట్టించకుండా మిగల్చడంలో కూడా అంత పని ఉంది. మన దేశంలో దీన్ని లెక్కపెట్టేవాళ్లే తక్కువ. ఎందుకంటే పొదుపు పని చేసేవాడు నేను ఇంధన పొదుపు రంగంలో ఉన్నానని ఎక్కడా రాయించుకోడు. ఎలక్ట్రీషియన్ అంటాడు, పెయింటర్ అంటాడు, మెకానిక్ అంటాడు. తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల, అంటే ఎండ వేడిని లోపలికి రానివ్వని కప్పుల విధానం తెచ్చింది, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులు. ఆ పని చేసేది సున్నం, పెయింటు వేసే మేస్త్రీలే. సర్వేలో వాళ్లు భవన నిర్మాణం కిందికి పోతారు.

నాకు ఇష్టమైన ఉదాహరణ బోరు మోటారు. ఆంధ్రలో వ్యవసాయ కనెక్షన్లు దాదాపు 20 లక్షలు. పాత పంపుసెట్ల బదులు స్టార్ రేటింగ్ ఉన్నవి పెడితే 25 నుంచి 30 శాతం కరెంటు మిగులుతుంది. ఒక్కోదానికి ఎంత పని? బోరులోంచి పైపు పైపుగా పాతది లేపాలి, కొత్తది దించాలి, కేబులు జాయింటు, స్టార్టరు, కెపాసిటరు. నలుగురు మనుషులు ఒక రోజు అనుకుందాం, ఇది నా అంచనా. 80 లక్షల పనిదినాలు, అంటే 31 వేల ఉద్యోగ సంవత్సరాలు. కర్నూలు లాంటి పార్కులు పది కట్టినంత పని. పదేళ్లకు పరిస్తే ఏడాదికి మూడు వేల వంద మంది. రాష్ట్రంలో మండలాలు 670 పైచిలుకు కాబట్టి మండలానికి నలుగురైదుగురు. వినడానికి చిన్నది. కానీ పార్కు ఒక్కచోట ఉంటుంది, ఈ నలుగురైదుగురు ప్రతిచోటా ఉంటారు. సొంతూరు వదలక్కర్లేదు.

మరి ఇక్కడ తీసివేత ఎవరిది? వైండింగ్ షాపు వాడిది. మోటారు కాలితే రైతు పోయేది అక్కడికే. మోనోబ్లాక్ మోటారైతే, అంటే బోరులోకి దించకుండా పైనే పెట్టేదైతే, పాత చుట్టలు ఊడిరావడానికి వాటిని కాలుస్తారు. ఆ వేడికి లోపలి ఇనుప రేకుల పూత పోతుంది. చుట్టేటప్పుడు కొందరు రాగి తీగ మందం కాస్త తగ్గిస్తారు. మోటారు మళ్లీ తిరుగుతుంది గాని ప్రతిసారీ కొంచెం ఎక్కువ కరెంటు తాగుతుంది. కరెంటు ఉచితం కాబట్టి రైతుకు ఆ తేడా తెలియదు. మంచి మోటారు వస్తే కాలడం తగ్గుతుంది, షాపు బేరం తగ్గుతుంది. ఆ షాపులో ఇద్దరు కుర్రాళ్లు పని నేర్చుకుంటూ ఉంటారు. మన 31 వేలలోంచి వాళ్లను తియ్యాలా వద్దా? తియ్యాలి. ఎంత తియ్యాలి? షాపులు ఎన్ని ఉన్నాయో, ఒక్కోటి నెలకు ఎన్ని చుడుతుందో తెలిస్తే కదా!

(ప్రసంగం తర్వాత ఒక విద్యార్థిని అడిగారు: "సార్, ఇంత పెద్ద లెక్కలు ప్రభుత్వాలు, కన్సల్టెంట్లు చేస్తారు. మేమేం చెయ్యగలం?")

మంచి ప్రశ్నమ్మా. నీది ఏ ఊరు? కళ్యాణదుర్గమా. అక్కడ వైండింగ్ షాపులు ఎన్ని ఉంటాయి, ఓ పది? ఈ ఆదివారం వెళ్లు. మధ్యాహ్నం రెండు తర్వాతైతే కాస్త ఖాళీగా ఉంటారు. నాలుగే అడుగు. నెలకు ఎన్ని మోటార్లు వస్తాయి, ఎంతమంది చుడతారు, వాళ్లు ఏడాదిలో ఎన్ని నెలలు ఉంటారు, మిగతా నెలల్లో ఏం చేస్తారు. ఎంత సంపాదిస్తావని మొదటే అడక్కు, మాట్లాడటం ఆపేస్తారు. మోటార్లు ఏ నెలలో ఎక్కువ కాలతాయో కూడా అడుగు. మార్చి, ఏప్రిల్ అంటారు. ఎందుకని అడిగితే ఓల్టేజీ అని ఒకాయన, బోరులో నీళ్లు దిగిపోయి మోటారు ఉత్తగా తిరిగిందని ఇంకొకాయన చెప్తారు. రెండూ రాసుకో. పది షాపులయ్యాక నాకు ఫోన్ చెయ్యి, ఆ 31 వేలలోంచి ఎంత కొట్టెయ్యాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.